రెండు మాటల కత్తి

తిరిగొచ్చిన పార్శిల్‌ని తమ్ముడు విప్పకుండా బల్ల మీద పెట్టుకుని దాని వంకే చూస్తున్నాడు. మోకాలి ఆపరేషన్ తర్వాత మొదటిసారి చేతికర్ర లేకుండా ముందుగదిలోకి వచ్చిన అక్క గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. పోయినవారం మనం వాళ్ళని అక్కడే వదిలేశాం. మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పేసి ముందుకు పోదాం.

వీళ్ళ నాన్న కత్తులు చేసేవాడు. కత్తులంటే మీరు ఊహించుకునే కత్తులు కావండోయ్. జేబులో పట్టే మడతకత్తులు, కొమ్ము పిడివి, పెన్సిలు చెక్కుకోవడానికో పండు కోసుకోవడానికో పనికొచ్చేవి. ఆయన పోయాక కొలిమీ పోయింది, పనిముట్లూ పోయాయి. చేసినన్నాళ్ళూ చేసి ఊరంతటికీ ఇచ్చిన మనిషి, తన ఇంట్లో మాత్రం ఒక్కటంటే ఒక్కటి మిగల్చలేదు. తమ్ముడు బట్టల ఫ్యాక్టరీలో కుట్టుమిషన్ల మెకానిక్‌గా చేసి మానేసి, ఇప్పుడు ఇంటి ముందుగదిలోనే మిషన్లు బాగుచేస్తున్నాడు. పని లేనప్పుడు అతనికున్న పిచ్చి ఒక్కటే, పాత మడతకత్తులు. వాటిని వెతికి పట్టుకొచ్చి, పరాయిదేశాల్లో ఇదే పిచ్చి ఉన్నవాళ్ళతో పోస్టులో మార్చుకుంటాడు. ఒకటి ఇచ్చి ఒకటి పుచ్చుకోవడమే, డబ్బు మాట ఉండదు. ఉత్తరాలు రాసేదీ, పార్శిళ్ళు కట్టేదీ అక్క. స్కూలు ఆఫీసులో టైపు కొట్టి కొట్టి రిటైరైన మనిషి, పెళ్ళి జోలికి పోలేదు, తమ్ముడింట్లోనే ఉంటుంది.

ఇలా మార్చుకుంటూ పోగా పోగా, నాన్న చేతి కత్తి ఒకటి సముద్రాల అవతల ఒక పెద్దాయన దగ్గర ఉందని బయటపడింది. ఫోటోలో గడ్డం తప్ప ఇంకేమీ కనపడదు కాబట్టి ఇంట్లో ఆయన పేరు గడ్డం పెద్దాయన. తమ్ముడి దగ్గరున్న నల్లకొమ్ము కత్తి ఇస్తే దాన్నిస్తానన్నాడు. ఈ వారమే ఇద్దరూ ఒకే రోజు పోస్టు చెయ్యాలని మాట. సరిగ్గా ఇప్పుడు, అంతకుముందు ఇంకో మార్పిడి కింద పంపిన కత్తి ఆయన దగ్గర్నుంచి తిరుగుటపాలో వచ్చేసింది. అదొక్కటే అయితే సరిపెట్టుకునేవాళ్ళు. ఈమధ్య వేరేవాళ్ళ దగ్గర్నుంచి కూడా రెండు తిరిగొచ్చాయి.

"విప్పరాదూ" అంది అక్క గుమ్మం దగ్గర్నుంచి.

తమ్ముడు కదల్లేదు. అక్క నిట్టూర్చి, గోడ పట్టుకుని, సగం విప్పి పడేసిన మిషన్ల మధ్య నుంచి మెల్లిగా అతని ఎదురుగా వచ్చింది. ఆ నాలుగడుగులకే మోకాలు నానా మాటలూ అంది.

"విప్పరా" అంది మళ్ళీ.

"నువ్వెప్పుడొచ్చావు?" అన్నాడు తమ్ముడు ఉలిక్కిపడి.

లోపల్నుంచి మరదలు టీ పట్టుకొచ్చింది. "అయ్యో వదినా, నిలబడొద్దని డాక్టరు చిలక్కి చెప్పినట్టు చెప్పాడు కదా. కూర్చోండి ముందు. ఏమిటిది, మళ్ళీ కత్తేనా? ఇంటినిండా కత్తులు, ఉల్లిపాయ తరగడానికి మాత్రం నేను పక్కింటావిడ గుమ్మం తొక్కాలి. ఒక్కదానికీ పదును పెట్టకూడదట, పెడితే విలువ పోతుందట. విన్నారా ఈ చోద్యం?"

"నువ్వు రోజూ చెప్తూనే ఉన్నావుగా, వినక చస్తానా" అంది అక్క కుర్చీలో కూలబడుతూ. నవ్వు రావాల్సిన చోట ఆమెకి ఆవలింత వచ్చింది. కొన్నాళ్ళుగా ఆమెకి అన్నీ ఇలాగే ఉంటున్నాయి. నిద్రపోయి లేచినా అలసటే, మంచి కబురు విన్నా అలసటే.

తమ్ముడు పార్శిల్ విప్పాడు. పెట్టెలో ఇంకో పెట్టె, అందులో నూనె కాగితం, కాగితంలో కత్తి. గడ్డం పెద్దాయన ఎంత పద్ధతి మనిషంటే, అక్క కట్టిన దారాన్ని అదే ముడితో తిరిగి కట్టి పంపాడు. కత్తి కింద చిన్న చీటీ. కోపం లేదు, సంజాయిషీ అడగడం లేదు. పరాయి అక్షరాల్లో మన మాటలే రెండు రాసి ఉన్నాయి.

రెండు మాటలు.

ఈ ముక్క మీకు విప్పి చెప్పాలి. మంచి మడతకత్తి మూస్తే టక్ మని ఒక్కటే చప్పుడు వస్తుంది. దాన్ని నాన్న "ఒకే మాట" అనేవాడు. కత్తి మొదలు, అంటే పిడిలో ఇరుసు దగ్గరి భాగం, అరిగిపోయిందనుకోండి, మూసినప్పుడు పదునంచు లోపలి స్ప్రింగుకి కొట్టుకుంటుంది. అప్పుడు వచ్చేది ట-టక్, ఒకదాని వెనకాల ఒకటి, చెవి పెట్టి వింటేనే దొరుకుతుంది. అలాంటి కత్తి మూసిన ప్రతిసారీ తన పదును తానే తినేస్తుంది. అది రెండు మాటల కత్తి, దాన్ని నమ్మకూడదు అనేవాడు ఆయన. అక్క ఉత్తరాల్లో ఈ మాటలే రాస్తూ వచ్చింది, వాటికి వేరే భాషలో మాట దొరక్క. రాయగా రాయగా వాళ్ళకీ అలవాటైపోయింది. తమ్ముడు "ఒకే మాట" అని పంపితే ఇక ఎవరూ మారు అడిగేవాళ్ళు కాదు. ఏ దేశంలో ఎవరి దగ్గరికి వెళ్ళినా ఆ కత్తి అదే మాటతో చేతులు మారేది. అంత పరపతి అతనిది.

ఇప్పుడా పరపతికి జవాబు మన భాషలోనే వచ్చింది. తమ్ముడి మొహం మాడిపోయింది.

అక్క లోలోపల సిద్ధపడే వచ్చింది. ఇవాళ ఎలాగైనా చెప్పెయ్యాలి, ఒరేయ్ నీకు చెవులు వినపడటం లేదురా అని. ఎలా మొదలుపెట్టాలో మంచంలో పడుకుని ఎన్నిసార్లు అనుకుందో. ఆమె నోరు తెరిచేలోగా తమ్ముడు లేచి లోపలికెళ్ళాడు. రేకుడబ్బా ఒకటి పట్టుకొచ్చి బల్ల మీద ఠంగుమని పెట్టాడు. అది అక్క మంచం కింద ఉండే డబ్బా.

"అచ్చిరాని డబ్బా" అన్నాడు తమ్ముడు. ఆ పేరు అతను పెట్టిందే. ఎవరికి పంపుదామన్నా ఏదో ఒక వంకతో వెనక్కి పోయిన కత్తులన్నీ అందులో ఉండేవి. "నువ్వు ఆస్పత్రిలో ఉన్నప్పుడు పార్శిళ్ళు నేనే కట్టాను. ఇంత మంచి కత్తులు ఊరికే పడున్నాయే అని ఇందులోంచి మూడు తీశాను. ముగ్గురికి పంపాను. మూడూ తిరిగొచ్చాయి."

అక్క టీ గ్లాసు కింద పెట్టింది.

"ఈ గోధుమరంగుది చూడు. పిడి మీద పగులుందని ఆ స్కూలు మాస్టారు వద్దన్నాడని చెప్పావు నాకు. పగులెక్కడుందో చూపించు."

"ఆయన కంటికి ఏం కనపడిందో నాకేం తెలుసు."

"ఇది మరీ చిన్నదని ఆ పడవలాయన వద్దన్నాడన్నావు. పడవలాయన చిన్నవే కదా సేకరిస్తాడు?"

"ఇప్పుడవన్నీ ఎందుకురా..."

"వాళ్ళసలు వద్దన్నారా అక్కా? వాళ్ళకసలు ఈ కత్తుల సంగతి రాశావా?"

మరదలు వీళ్ళిద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. చెయ్యి తుడుచుకోవడానికి కొంగు అందుకున్నది అలాగే పట్టుకుని నిలబడిపోయింది. అక్క ఒక్క క్షణం ఇంకో అబద్ధం కోసం వెతుక్కుంది. దొరక్కపోలేదు, ఇన్నేళ్ళ అలవాటు కదా, ఠక్కున దొరికింది కూడా. కానీ దాన్ని నోటిదాకా తెచ్చే ఓపిక లేకపోయింది.

"రాయలేదు" అంది.

"మరి?"

"మరేముంది. నువ్వు ఒకే మాట అన్నావు. నాకు రెండు వినపడ్డాయి. తీసి పక్కన పెట్టాను. నీకేదో ఒకటి చెప్పాలి కాబట్టి చెప్పాను."

"ఎప్పట్నుంచి?"

"నువ్వు ఫ్యాక్టరీ మానేసినప్పట్నుంచి."

తమ్ముడు స్టూలు మీద కూర్చున్నాడు. అరుస్తాడేమో అనుకుంది అక్క. అరిస్తే బాగుండేది, ఏడుపో పోట్లాటో అయిపోయి సర్దుకునేవాళ్ళు. అతను మాత్రం తన కుడిచేతి బొటనవేలు పైకెత్తి, దాన్ని ఎవరిదో వేలులా అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

"నాకు తెలుసక్కా, నా చెవులు పోయాయని" అన్నాడు.

"ఏమిటీ?"

"మిషన్ల మధ్య అన్నేళ్ళు పని చేస్తే పోక ఉంటాయా? డాక్టరు దగ్గరికీ వెళ్ళొచ్చాను. చెవికి పెట్టుకునేది కూడా తెచ్చుకున్నాను. అదిగో, బాబిన్ల డ్రాయర్లో ఉంది. దాన్ని పెట్టుకుంటే కత్తి మూసినా, తలుపు మూసినా, నీ మరదలు నోరు మూసినా అంతా ఒకటే చప్పుడు."

"నేను నోరు మూయడం మీరెప్పుడు విన్నారండీ?" అంది మరదలు. అలవాటు కొద్దీ అనేసింది గానీ ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఆ చెవి మిషన్ సంగతి నాకు కూడా చెప్పలేదు. నేను పిలిస్తే పలకనప్పుడల్లా పొగరనుకుని తిట్టిపోశాను కదండీ."

"నువ్వు తిట్టింది కూడా సరిగ్గా వినపడలేదులే, బాధపడకు" అన్నాడు తమ్ముడు. మళ్ళీ అక్క వైపు తిరిగాడు. "చెవి పోతే పోయింది, వేలుందిగా అనుకున్నాను. కత్తి మూస్తే స్ప్రింగు వెనక్కి తన్నడం వేలికి తెలుస్తుంది. గట్టిగా తన్నిందంటే ఒకే మాట అని నీకు చెప్పేవాణ్ణి. ఒక్కడు కూడా తిప్పి పంపలేదు. ఒక్కడంటే ఒక్కడు. అది చూసుకుని ఎంత మురిసిపోయానో నీకు తెలియదు. నాన్నకి చెవితో తెలిసేది నాకు వేలితోనే తెలుస్తోంది, నేను నాన్నని మించిపోయాను అనుకున్నాను. అంత వెర్రివెధవని చేశావు నన్ను."

"ఒరేయ్..."

"అది నా వేలు కాదు, నీ చెవి. ఇన్నాళ్ళూ వాళ్ళు నమ్మింది నిన్ను. పేరు మాత్రం నాది."

"నీ చెవులు పోయాయని తెలిసినవాడివి నాకు చెప్పి చావచ్చుగా!" అక్క గొంతు ఒక్కసారిగా లేచింది.

"నాకు తెలియదనుకున్నదానివి నువ్వు చెప్పి చావచ్చుగా!"

వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు చేసి, అది అందుకోక, మళ్ళీ చేసి, విసుక్కుని తోసుకుంటూ పోయారు.

"ఎలా చెప్పమంటావు?" అంది అక్క చివరికి. ఈసారి గొంతు మామూలుగానే ఉంది. "ఫ్యాక్టరీ నుంచి వచ్చేశాక నువ్వెలా ఉన్నావో నాకు తెలియదా? రోజంతా గోడ వంక చూస్తూ కూర్చునేవాడివి. ఈ కత్తులు వచ్చాకే మళ్ళీ మనిషివయ్యావు. అది కూడా లాగేసుకోనా నేను? చేతులు రాలేదురా." ఇంకా ఉంది లోపల, అది కూడా చెప్పెయ్యకపోతే ఈ బరువు తీరదనిపించింది. "ఇంకోటి కూడా ఉంది. అబద్ధం ఎందుకు, నాకది బాగుండేది కూడా. నాన్న కత్తి చేసి మూసి చూసినప్పుడల్లా ఏమంది అని అడిగేవాడు, గుర్తుందా? నిన్నే అడిగేవాడు. నేను పక్కనే తిత్తి ఊదుతూ ఉండేదాన్ని. నాకూ వినపడేది. నీకంటే ముందే వినపడేది. నన్నెప్పుడూ అడగలేదు."

ఇంత వయసొచ్చాక అక్క నోట ఆ మాట వినాల్సొస్తుందని తమ్ముడు కలలో కూడా అనుకోలేదు. మరదలు చడీచప్పుడు లేకుండా వచ్చి అక్క కుర్చీ వెనకాల నిలబడి ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

తమ్ముడు లేచాడు. పనిబల్ల సొరుగు తాళం తీసి, మెత్తటి గుడ్డలో చుట్టిన కత్తి బయటికి తీశాడు. నల్లకొమ్ము కత్తి. నాన్న కత్తికి బదులుగా వెళ్ళాల్సింది ఇదే. అక్క దీన్ని దూరం నుంచి చూడటమే గానీ చేత్తో పట్టుకున్నది లేదు. తెరిచి మూసినకొద్దీ అరుగుతుందని అతను ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. పంపేనాడు తానే కట్టి ఇస్తానని ముందే చెప్పాడు.

"దీన్ని విను" అన్నాడు.

"వద్దురా. ఇప్పుడు కాదు. నాకు నడుం లాగేస్తోంది, కాసేపు పడుకుంటాను."

"అక్కా, విను."

ఆమె చేతులు తుడుచుకుని కత్తి అందుకుంది. ఎంత అందంగా ఉందో! పిడి నల్లగా, చల్లగా, అరచేతికి తగ్గట్టు వంపు తిరిగి ఉంది. మచ్చ లేదు, మరక లేదు. దీనికి తోడబుట్టింది ఇంకోటి ఎక్కడా ఉండదనిపించేలా ఉంది. నాన్న చూసి ఉంటే కళ్ళు చిన్నవి చేసుకుని, ఎవరు చేశారో గానీ దొంగచచ్చినోడు అని మురిపెంగా తిట్టి ఉండేవాడు. అక్క గోటితో తెరిచింది. తమ్ముడు ఆమె చేతుల్ని చూడటం లేదు, మొహంలోకి చూస్తున్నాడు. ఇక మీదట అతనికి చెవులు ఉన్నది అక్కడే.

మూసింది.

"ఏమంది?" అన్నాడు తమ్ముడు.

ఆ ప్రశ్న ఆమెని ఇన్నాళ్ళకి అడిగారు. అడిగినందుకు పొంగిపోవాల్సింది. ఆమెకి మాత్రం ఎక్కడికైనా పారిపోవాలనిపించింది. ఒకే మాట అనేస్తే చాలు, పార్శిల్ కట్టేస్తారు, నాన్న కత్తి వచ్చేస్తుంది, ఇతను మళ్ళీ నవ్వుతాడు. ఒక్క చిన్న అబద్ధం, ఆమె ఇన్నాళ్ళూ చెప్పినవాటితో పోలిస్తే అదొక లెక్కే కాదు.

"నాకైతే తేడా ఏమీ తెలియలేదు వదినా, బాగానే మోగింది" అంది మరదలు ఆశగా.

అక్క మళ్ళీ తెరిచి, ఈసారి కత్తిని చెవి దగ్గర పెట్టుకుని మూసింది. ఆ రెండో చప్పుడు చాలా చిన్నది. ఉందా లేదా అన్నంత చిన్నది. కానీ ఉంది.

"రెండురా" అంది.

తమ్ముడు తల ఊపాడు. నొచ్చుకున్నట్టు కూడా కనపడలేదు. కత్తిని తీసుకుని గుడ్డ మీద పెట్టి, దాని పక్కన చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. కొన్నేళ్ళ పాటు ఒకదానికొకటి మార్చుకుంటూ, ఒక్కో మెట్టే ఎక్కుతూ ఈ కత్తిదాకా వచ్చాడతను. దీనికి సరిపడేది ఇంట్లో ఇంకోటి లేదు.

"ఉన్న సంగతి రాసేద్దాం" అంది అక్క. "ఇంకొన్నాళ్ళు ఆగమందాం. ఆయన మంచివాడిలాగే ఉన్నాడు. ఈసారి పొరపాటు జరిగిందని, ఇకనుంచి వినేది నేనని నేనే రాస్తాను."

సరిగ్గా అప్పుడే ఆమె ఫోను మోగింది. గడ్డం పెద్దాయన దగ్గర్నుంచి మెసేజ్. ముందు ఒక ఫోటో, పోస్టాఫీసు కౌంటరు మీద గోధుమరంగు కాగితం చుట్టిన పెట్టె. దాని కింద రాసింది అక్క చదువుకుంది. చదువుకుని ఊరుకోబోయింది. తమ్ముడు కళ్ళార్పకుండా తన మొహం వంకే చూస్తున్నాడు, ఇక దాచేదేముంది. అతనికి అర్థమయ్యేలా ఒక్కో మాటే విడదీసి చెప్పింది.

"మీ నాన్న కత్తి ఇవాళ పొద్దున్నే పంపేశాను అంటున్నాడు. తిప్పి పంపినదాని గురించి మనసులో పెట్టుకోవద్దట, పొరపాట్లు అందరికీ జరుగుతాయట. నల్లకొమ్ము దాని గురించి నీ మాట చాలు, ఇంకేమీ అడగను అంటున్నాడు. నువ్వూ ఇవాళే పోస్టు చేసి ఉంటావని..." అక్కడ ఆమె ఫోను బల్ల మీద బోర్లించింది.

మరదలు గోడ గడియారం వైపు చూసింది. పోస్టాఫీసు మూసెయ్యడానికి ఇంకా టైముంది. ఆ సంగతి ఆమె పైకి అనలేదు, అనాల్సిన అవసరం కూడా లేకపోయింది.

తమ్ముడు లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. అక్కడ వెలుతురు బాగుంటుందని చిన్నపని అంతా అక్కడే చేసుకుంటాడు. పాత తొక్కుడు మిషన్లకి వేసే తోలు బెల్టుల తునకలు వేసే పెట్టె కూడా అక్కడే ఉంటుంది. అందులో వేళ్ళు పెట్టి కెలికి, సన్నటి తునక ఒకటి తీసి వెలుతురుకి ఎత్తి చూశాడు. అదెందుకో అక్కకి తెలుసు. కత్తి పిడి లోపల స్ప్రింగు మీద అంతమంద తోలుముక్క అతికిస్తే పదునంచు దేనికీ తగలదు. మూస్తే టక్ మని ఒక్కటే వినపడుతుంది, ఆ తోలు నలిగి ఊడిపోయేదాకా. నాన్న దగ్గర పనిచేసిన ఒకతను ఒకసారి ఆ పని చేశాడు. నోట్లో గుడ్డ కుక్కి కత్తి చేత అబద్ధమాడిస్తావట్రా అని, ఉన్నపళంగా కొలిమిలోంచి గెంటేశాడు నాన్న. ఆ రోజు అక్కాతమ్ముళ్ళిద్దరూ అక్కడే ఉన్నారు.

"ఒరేయ్, వద్దురా" అంది అక్క.

తమ్ముడు వెనక్కి తిరగలేదు.

"వద్దంటున్నానా!" బల్ల ఊతగా పట్టుకుని లేవబోయింది. మోకాలు సహకరించక మళ్ళీ కుర్చీలో పడింది. మరదలు ఆమెని పట్టుకుందామని వంగింది. అతనికి వినపడలేదో, వినపడనట్టు ఉండిపోయాడో, అక్కకి తెలియలేదు. తోలు మీద కత్తెర కదలడం మాత్రం ఆమెకి స్పష్టంగా వినపడింది.